బస్టాండ్ కౌంటరు, మూడు ఫైళ్ళు: ఒరాకిల్ నెట్ మేనేజర్ మీద ఆదివారం టాక్

(హైదరాబాద్ అమీర్‌పేటలో జూనియర్ డీబీఏల కోసం, అంటే డేటాబేస్‌లు చూసుకునేవాళ్ళ కోసం, ఒక ఆదివారం పొద్దున ఇచ్చిన టాక్ ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగ్ నుంచి టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఉన్నదున్నట్టే ఉంచాం.)

కూర్చోండి, కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చేయండి, ఫ్యాన్లు ఇటే తిరుగుతున్నాయి. ముందు ఒక మాట అడుగుతాను, సిగ్గుపడకుండా చెప్పాలి. ఒరాకిల్ డేటాబేస్‌కి కనెక్ట్ అవుతుంటే ఓరా-12154 అనే ఎర్రర్ ఎంతమందికి వచ్చింది? చేతులెత్తండి. ఆ... సగం మందే ఎత్తారు. మిగతా సగం ఇంకా ఒరాకిల్ ఇన్‌స్టాల్ చేసి ఉండరు, చేసినవాడికి అది రాకుండా ఉండదు.

సరే, ఆ ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేశారు? గూగుల్ చేశారు, ఎవరో చెప్పిన నాలుగు లైన్లు ఎత్తి టీఎన్ఎస్‌నేమ్స్ ఫైల్లో, అంటే డేటాబేస్‌ల అడ్రసులు రాసుకునే ఫైల్లో, అతికించారు, బ్రాకెట్ ఒకటి ఎక్కువైందో తక్కువైందో తెలీదు, అప్పటిదాకా పనిచేసే ఎంట్రీ కూడా పోయింది. అవునా కాదా? నేనూ అదే చేశాను, మీకన్నా ఇరవై ఏళ్ళ ముందు చేశాను, అంతే తేడా. ఆ బ్రాకెట్ల బాధ పడలేకే ఒరాకిల్ వాడు నెట్ మేనేజర్ అని ఒక విండో ఇచ్చాడు. ఇవ్వాళ్టి టాక్ దాని మీదే.

పేర్లు కొంచెం చెప్తాను, ఎందుకంటే పాత డాక్యుమెంట్లు చదివితే కన్ఫ్యూజ్ అవుతారు. మొదట్లో ఈ నెట్‌వర్క్ లేయర్ మొత్తాన్నీ ఎస్‌క్యూఎల్ స్టార్ నెట్ అనేవాళ్ళు. 1997లో ఒరాకిల్ 8తో నెట్8 అయింది, 2001లో 9ఐ వచ్చాక ఒరాకిల్ నెట్ అయింది. నెట్8 అసిస్టెంట్ అని అప్పట్లో ఉన్న టూలే తర్వాత నెట్ మేనేజర్ అయింది. పేరు ఎన్నిసార్లు మార్చినా ఎర్రర్ మెసేజ్‌లో ఇప్పటికీ టీఎన్ఎస్ అనే వస్తుంది, ట్రాన్స్‌పరెంట్ నెట్‌వర్క్ సబ్‌స్ట్రేట్ అని. ఇంటర్వ్యూలో ఫుల్ ఫాం అడుగుతారు, ఎందుకడుగుతారో నాకైతే తెలీదు, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. నెట్ మేనేజర్ అంటే ఏంటి? అది డేటాబేస్‌ని నడపదు, సర్వర్ మీద కొత్త కనెక్షన్లు అందుకునే లిజనర్ అనే ప్రోగ్రామ్‌ని స్టార్ట్ చేయదు, స్టాప్ చేయదు. మూడు టెక్స్ట్ ఫైళ్ళు రాసిపెట్టే గుమాస్తా అది, అంతకు మించి ఏమీ లేదు. మళ్ళీ చెప్తున్నా, మూడు ఫైళ్ళు. టీఎన్ఎస్‌నేమ్స్ డాట్ ఓరా, లిజనర్ డాట్ ఓరా, ఎస్‌క్యూఎల్‌నెట్ డాట్ ఓరా. విండోలో ఎడమ పక్కన చెట్టులా ఉంటుంది కదా, లోకల్ అని, దాన్ని విప్పితే ప్రొఫైల్, సర్వీస్ నేమింగ్, లిజనర్స్ అని మూడు కనిపిస్తాయి. ప్రొఫైల్‌లో మారిస్తే ఎస్‌క్యూఎల్‌నెట్ మారుతుంది, సర్వీస్ నేమింగ్‌లో మారిస్తే టీఎన్ఎస్‌నేమ్స్ మారుతుంది, లిజనర్స్‌లో మారిస్తే లిజనర్ ఫైల్ మారుతుంది. ఆ పైన రాసి ఉన్న లోకల్ అనే మాటని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. లోకల్ అంటే ఈ మెషీన్, ఈ ఒరాకిల్ హోమ్, అంటే ఒరాకిల్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్. మీ ల్యాప్‌టాప్‌లో నెట్ మేనేజర్ తెరిచి లిజనర్ పోర్ట్ మార్చేసి, సర్వర్ మీద ఎందుకు మారలేదు సార్ అని నాకు ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు. సర్వర్‌కి ఎలా తెలుస్తుందమ్మా? మీ ఫోన్‌లో మీ మేనమామ నంబర్ మార్చి సేవ్ చేస్తే మా ఫోన్‌లో మారుతుందా?

ఈ మూడూ ఎవరికి ఎవరో అర్థం కావాలంటే కాసేపు కంప్యూటర్ పక్కన పెట్టి బస్టాండ్‌కి వెళ్దాం. మీరు హాస్టల్ నుంచి విజయవాడ వెళ్ళాలి. ముందు ఏం తెలియాలి? బస్టాండ్ ఎక్కడుందో తెలియాలి. ఎంజీబీఎస్ అంటే ఫలానా చోట అని మీ దగ్గర రాసి ఉండాలి, అదే టీఎన్ఎస్‌నేమ్స్. మీ జేబులో ఉండే చీటీ అన్నమాట, క్లయింట్ దగ్గరుండేది. బస్టాండ్‌కి వెళ్ళారు, అక్కడ ఎంక్వైరీ కౌంటర్ ఉంటుంది, అది లిజనర్. విజయవాడ బస్సు ఏ ప్లాట్‌ఫాం అని అడుగుతారు, ఆయన చెప్తాడు, మీరు వెళ్ళి ఎక్కుతారు. ఎక్కాక ఆ కౌంటర్ ఆయనకీ మీకూ ఇంక సంబంధం ఉందా? ఆయన టీ తాగడానికి వెళ్ళాడనుకోండి, మీ బస్సు సూర్యాపేట దగ్గర ఆగిపోతుందా? ఆగదు కదా. లిజనర్ ఆపేస్తే కనెక్ట్ అయి ఉన్న సెషన్లు పోతాయా అని ఇంటర్వ్యూలో అడుగుతారు. పోవు. కొత్తగా వచ్చేవాళ్ళకి మాత్రమే దారి ఉండదు.

ఇప్పుడు ఎర్రర్లు చూద్దాం, ఒక్కటీ బట్టీ పట్టక్కర్లేదు. 12154 వచ్చిందంటే మీరు హాస్టల్ గడప కూడా దాటలేదు, ఇచ్చిన పేరు మీ చీటీలో దొరకలేదు. ఇది వచ్చినప్పుడు సర్వర్ టీమ్‌కి మెయిల్ పెట్టకండి, సర్వర్‌కి మీరు వస్తున్నట్టే తెలీదు. 12541, నో లిజనర్, అంటే బస్టాండ్ దాకా వెళ్ళారు, కౌంటర్లో మనిషి లేడు. 12170 టైమౌట్ అంటే చాలాసార్లు దారిలోనే ఎవడో ఆపాడు, ఫైర్‌వాల్. 12514 అంటే కౌంటర్ ఉంది, మనిషీ ఉన్నాడు, మీరడిగిన బస్సు పేరు ఆయనకి తెలీదు. ఇంకో బస్టాండ్ జేబీఎస్‌కి వెళ్ళి విజయవాడ బస్సు అడిగితే ఏమంటాడు? ఇక్కడ కాదు బాబూ అంటాడు. అదే 12514. అంటే మీ హోస్ట్, అదే సర్వర్ మెషీన్ పేరు, తప్పు కావొచ్చు, సర్వీస్ పేరు, అదే లిజనర్ దగ్గర డేటాబేస్‌ని అడిగే పేరు, తప్పు కావొచ్చు, లేకపోతే బస్సు ఇంకా డిపో నుంచే రాలేదు. చూశారా, నంబర్ చూడగానే ఎక్కడిదాకా వెళ్ళి ఆగిపోయామో తెలిసిపోతుంది.

బస్సు ఇంకా రాలేదు అన్నాను కదా, దాన్ని కొంచెం సాగదీస్తాను, ఎందుకంటే జూనియర్లు ఎక్కువ తన్నుకునేది ఇక్కడే. బస్సొచ్చిందని కౌంటర్‌కి ఎవరు చెప్తారు? డేటాబేసే వచ్చి చెప్తుంది. 12సీ వెర్షన్ నుంచి ఎల్‌రెగ్ అనే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ ఆ పని చేస్తుంది, అంతకుముందు పీమాన్ చేసేది. నిమిషానికోసారి చూసుకుంటూ ఉంటుంది. అందుకే లిజనర్ రీస్టార్ట్ చేసిన మరుక్షణం కనెక్ట్ చేస్తే 12514 వస్తుంది, ఒక్క నిమిషం ఆగితే అదే పోతుంది, మీరేమో ఆ నిమిషంలో మూడు ఫైళ్ళూ కెలికేసి ఉంటారు! ఆగలేకపోతే డేటాబేస్‌లోకి వెళ్ళి ఆల్టర్ సిస్టమ్ రిజిస్టర్ అని కొట్టండి, వెంటనే వెళ్ళి చెప్పేస్తుంది.

మరి ఎల్‌రెగ్ ఏ కౌంటర్‌కి వెళ్తుంది? మనం ఏం చెప్పకపోతే ఆ మెషీన్ మీదే 1521 పోర్ట్‌కి వెళ్తుంది. నెట్ మేనేజర్లో లిజనర్స్ కింద లిజనింగ్ లొకేషన్స్‌లో పోర్ట్ 1522 అని మార్చారనుకోండి, సేవ్ చేశారు, లిజనర్ లేచింది, అంతా పచ్చగా ఉంది. కానీ లిజనర్ స్టేటస్ కొడితే సర్వీసులేవీ లేవు. ఎందుకు? కౌంటర్‌ని పక్క బిల్డింగ్‌లోకి మార్చారు గానీ డ్రైవర్లకి చెప్పలేదు, వాళ్ళు పాత చోటికే వచ్చి వెళ్తున్నారు. లోకల్ లిజనర్ అనే పారామీటర్ మార్చాలి, అది డేటాబేస్‌లో ఉంటుంది. నెట్ మేనేజర్‌కి దాని సంగతే తెలీదు. గుమాస్తా అన్నాను కదా, తన మూడు ఫైళ్ళు తప్ప ఇంకేం చూడదు.

1521 గురించి ఒక పిట్టకథ. ఒరాకిల్ అంటేనే 1521 అనుకుంటాం కదా, పోర్ట్ నంబర్లు రిజిస్టర్ చేసే ఐఏఎన్ఏ దగ్గర చూస్తే ఆ నంబర్ ఎన్‌క్యూబ్ లైసెన్స్ మేనేజర్ పేరు మీద ఉంటుంది, ఒరాకిల్‌కి రాసిచ్చినవి 2483, 2484. ఎవరైనా వాడుతున్నారా? నేనైతే చాలా తక్కువ చూశాను. ఇంటి పట్టా ఒకరి పేరు మీద, కాపురం ఇంకొకరిది.

సరే, ఇంకో రకం రిజిస్ట్రేషన్ ఉంది, స్టాటిక్ అంటారు. నెట్ మేనేజర్లో లిజనర్ మీద క్లిక్ చేసి పైన డ్రాప్‌డౌన్‌లో డేటాబేస్ సర్వీసెస్ ఎంచుకుంటే యాడ్ డేటాబేస్ అని బటన్ ఉంటుంది, గ్లోబల్ డేటాబేస్ నేమ్, ఒరాకిల్ హోమ్ డైరెక్టరీ, ఎస్ఐడీ అంటే ఆ మెషీన్ మీద నడిచే ఇన్‌స్టన్స్ పేరు, ఈ మూడూ ఇస్తాం. ఇది ప్లాట్‌ఫాం మీద పెయింట్‌తో రాసిన బోర్డు లాంటిది. విజయవాడ అని రాసి ఉంది. బస్సు వచ్చిందా? బోర్డుకేం తెలుసు! అందుకే స్టేటస్‌లో అన్‌నోన్ అని చూపిస్తుంది. అది చూసి మా టీమ్‌లో ఒకబ్బాయి అర్ధరాత్రి ఫోన్ చేశాడు, సార్ ప్రొడక్షన్‌లో అన్‌నోన్ వస్తోంది, డేటాబేస్ పోయిందేమో అని. ఏం పోలేదు నాన్నా, పడుకో అన్నాను. అన్‌నోన్ అంటే ఎర్రర్ కాదు, స్టాటిక్ అని అర్థం. డేటాబేసే వచ్చి చెప్పుకుంటే రెడీ అని ఉంటుంది. బ్లాక్డ్ అని ఉంటే బస్సు వచ్చింది గానీ తలుపులు ఇంకా తీయలేదు, నోమౌంట్‌లో ఉన్నప్పుడు, అంటే ప్రాసెస్‌లు లేచాయి గానీ డేటాబేస్ ఫైళ్ళు ఇంకా తెరవనప్పుడు, అలా కనిపిస్తుంది. మరి బోర్డు ఎందుకయ్యా అంటే, డేటా గార్డ్ కట్టేటప్పుడు, అంటే వేరే మెషీన్ మీద డేటాబేస్‌కి నకలు పెట్టేటప్పుడు, స్టాండ్‌బై అనే ఆ నకలు ఇంకా నోమౌంట్‌లో ఉండగానే బయట నుంచి దాంట్లోకి వెళ్ళాలి, అప్పుడు ఈ స్టాటిక్ ఎంట్రీయే దిక్కు.

ఇప్పుడు సర్వీస్ నేమింగ్‌కి వద్దాం, రోజూ వాడేది అదే. ఎడమ పక్క పచ్చ ప్లస్ గుర్తు నొక్కితే విజార్డ్ వస్తుంది. పేరు అడుగుతుంది, ప్రోటోకాల్ అడుగుతుంది, టీసీపీ ఐపీ ఇస్తాం, హోస్టు, పోర్టు, తర్వాత సర్వీస్ నేమ్. ఇక్కడ ఆగండి. సర్వీస్ నేమా, ఎస్ఐడీనా? సర్వీస్ నేమే ఇవ్వండి. మల్టీటెనెంట్ వచ్చాక, అంటే ఒక పెద్ద డేటాబేస్ లోపల పీడీబీలు అనే చిన్న డేటాబేస్‌లు ఉండటం వచ్చాక, ఎస్ఐడీ ఇస్తే మీరు వెళ్ళేది ఆ పెద్దదాని రూట్ కంటైనర్‌లోకి, మీ టేబుల్స్ ఉండేది పీడీబీలో. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ వేసుకున్నవాళ్ళు గమనించండి, ఎక్స్ఈ అని ఇస్తే రూట్, ఎక్స్ఈపీడీబీ1 అని ఇస్తే మీ పీడీబీ. రూట్‌లోకి వెళ్ళి హెచ్ఆర్ అనే శాంపిల్ యూజర్‌తో లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ తప్పు అంటుంది, 1017. మీరేమో పాస్‌వర్డ్ పది సార్లు రీసెట్ చేస్తారు. పాస్‌వర్డ్ తప్పు కాదు, ఇల్లే తప్పు, ఆ ఇంట్లో హెచ్ఆర్ అనే మనిషే లేడు.

విజార్డ్ చివర్లో టెస్ట్ అని బటన్ ఉంటుంది. అది నొక్కగానే చాలామందికి ఫెయిల్ అని వస్తుంది, డీలా పడిపోతారు. అది ఏ యూజర్‌తో టెస్ట్ చేస్తుందో చూశారా? స్కాట్, టైగర్. బ్రూస్ స్కాట్ అని ఒరాకిల్ కంపెనీ మొదట్లో పనిచేసినాయన, టైగర్ ఆయన పిల్లి పేరు. ఇన్నేళ్ళయినా ఆ పిల్లి పాస్‌వర్డే ఇంకా ఈ విండోలో కూర్చుంది! మీ డేటాబేస్‌లో స్కాట్ లేడు, ఉన్నా లాక్ అయి ఉంటాడు. అందుకని 1017 వచ్చిందనుకోండి, సంతోషించండి. ఎందుకు? పాస్‌వర్డ్ తప్పు అని చెప్పింది ఎవరు? డేటాబేస్. అంటే చీటీ సరే, దారి సరే, కౌంటర్ సరే, బస్సు దాకా వెళ్ళారు, టికెట్ ఒక్కటే లేదు. చేంజ్ లాగిన్ నొక్కి మీ యూజర్ ఇచ్చి మళ్ళీ చూడండి.

టీఎన్ఎస్‌పింగ్ అని ఒకటుంది, దాన్ని మాత్రం మరీ నమ్మేయకండి. కౌంటర్లో మనిషి ఉన్నాడా లేడా అని కేకేసి చూడటం అది, అంతే. డేటాబేస్ షట్‌డౌన్ అయి ఉన్నా ఓకే అనే చెప్తుంది. టీఎన్ఎస్‌పింగ్ వస్తోంది సార్, మీ అప్లికేషన్‌దే ప్రాబ్లం అని డెవలపర్ మీదకి వెళ్ళి తర్వాత నాలుక కరుచుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

నెట్ మేనేజర్లో టెస్ట్ పాస్ అయినా అప్లికేషన్‌లో 12154 వస్తే? ఇది నాకు జరిగింది. ఒక ఆఫీసులో అకౌంట్స్ మేడమ్ గారి పీసీ, విండోస్. నేను వెళ్ళి ఎంట్రీ వేశాను, టెస్ట్ నొక్కాను, సక్సెస్. ఆవిడ అప్లికేషన్ తెరిచారు, 12154. మళ్ళీ డిలీట్ చేసి మళ్ళీ వేశాను, సక్సెస్, అప్లికేషన్‌లో 12154. మధ్యాహ్నం దాకా ఇదే, ఆవిడ రెండుసార్లు టీ తెప్పించారు, మూడోసారి తెప్పించలేదు. చివరికి చూస్తే ఆ పీసీలో రెండు ఒరాకిల్ హోమ్‌లు ఉన్నాయి, ఒకటి 64 బిట్, ఒకటి 32 బిట్. అప్లికేషన్ 32 బిట్‌ది, దాని హోమ్ వేరు, దాని చీటీ వేరు. నెట్ మేనేజర్ తన హోమ్‌లో చీటీ రాసి తనే చదువుకుని సక్సెస్ అంటోంది. తను రాసిన పరీక్ష పేపర్ తనే దిద్దుకున్నట్టు! అందుకే టీఎన్ఎస్ అడ్మిన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టేయండి, ఏ హోమ్ అయినా ఒకే ఫోల్డర్ చూస్తుంది. ఇంకోటి, 21సీ వేసుకున్నవాళ్ళు హోమ్ కింద నెట్‌వర్క్, అడ్మిన్ ఫోల్డర్‌లో వెతికి ఫైళ్ళు లేవంటారు. 21సీలో హోమ్ రీడ్ ఓన్లీ అయింది, అసలు ఫైళ్ళు ఒరాకిల్ బేస్ కింద హోమ్స్ అనే ఫోల్డర్లోకి వెళ్ళాయి. లిజనర్ స్టేటస్ కొడితే ఏ లిజనర్ ఫైల్ చదువుతోందో పూర్తి పాత్‌తో చెప్తుంది, నెట్ మేనేజర్ తెరిచే ముందు అది చూసుకోండి.

లినక్స్‌లో నెట్ మేనేజర్ ఎలా తెరవాలి అని ఎవరో అడిగారు ఇందాక. నెట్‌ఎంజీఆర్ అని కొట్టండి, ఒరాకిల్ యూజర్‌తో, లినక్స్ అడ్మిన్ అయిన రూట్ యూజర్‌తో కాదు. రూట్‌తో తెరిచి సేవ్ చేస్తే ఫైల్ ఓనర్‌షిప్ గందరగోళం అయిపోతుంది. విండో కనిపించడానికి డిస్‌ప్లే కావాలి, మొబాఎక్స్‌టర్మ్ లాంటి ప్రోగ్రామ్ ఉంటే బాధ లేదు. ఇన్‌స్టంట్ క్లయింట్ అనే చిన్న ప్యాకేజీ వేసుకున్నవాళ్ళకి మాత్రం నెట్ మేనేజర్ రాదు, అందులో ఉండదు, వెతికి టైం వేస్ట్ చేసుకోకండి. నెట్‌సీఏ అని ఇంకో విజార్డ్ ఉంది, కొత్త లిజనర్ పెట్టేటప్పుడు దాంతో పెట్టండి, ఫైల్ రాయడమే కాదు, లిజనర్‌ని లేపుతుంది కూడా.

ఇక ప్రొఫైల్. ఇందులో రెండే చెప్తాను. మొదటిది, జనరల్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో టీఎన్ఎస్ టైమౌట్ వాల్యూ అని ఉంటుంది, ఫైల్లో అది ఎక్స్‌పైర్ టైమ్‌గా పడుతుంది, నిమిషాల్లో. పేరు చూసి పది నిమిషాలకి సెషన్ తీసేస్తుందేమో అని భయపడతారు. కాదు. పది నిమిషాలకోసారి సర్వర్ అవతలివాడు బతికే ఉన్నాడా అని చిన్న ప్యాకెట్ పంపి చూస్తుంది. భోజనానికి వెళ్ళొచ్చేసరికి 3135 అని కనెక్షన్ లాస్ట్ వస్తోందా? మధ్యలో ఫైర్‌వాల్ ఖాళీగా ఉన్న కనెక్షన్ తెంపేస్తోంది. సర్వర్ మీద దీన్ని 10 అని పెడితే లైన్ వెచ్చగా ఉంటుంది, సాధారణంగా ఆ ఎర్రర్ పోతుంది.

రెండోది యాక్సెస్ రైట్స్ ట్యాబ్. ఏ ఐపీలు రావచ్చు, ఏవి రాకూడదు అని లిస్ట్ ఇస్తాం. చాలా పనికొచ్చేది, చాలా ప్రమాదం కూడా. నేను ఒక శనివారం రాత్రి ఆడిట్ వాళ్ళ కోసం అనుమతి లిస్ట్ వేశాను, సేవ్ చేశాను, లిజనర్ ఆపి మళ్ళీ లేపాను, నా పీసీ నుంచి చూశాను, వస్తోంది, అప్లికేషన్ కూడా నడుస్తోంది, ఇంటికెళ్ళి హాయిగా బిర్యానీ తిని పడుకున్నాను. ఆదివారం అంతా ఏమీ లేదు. సోమవారం పొద్దున అప్లికేషన్ సర్వర్ ఒకటి రీస్టార్ట్ చేశారు, అంతే, ఒక్క కనెక్షన్ రావట్లేదు, 12537, కనెక్షన్ క్లోజ్డ్. ఆ సర్వర్ ఐపీ నా లిస్ట్‌లో లేదు! మరి రెండు రోజులు ఎలా నడిచింది? చెప్పండి... ఆ, కరెక్ట్ అమ్మా. పాత కనెక్షన్లు, అప్పటికే ఎక్కిన బస్సులు. కౌంటర్ ఆయన ఎవరిని రానివ్వనన్నా ఎక్కినవాళ్ళకి సంబంధం లేదు. అప్లికేషన్ నడుస్తోంది కదా అని నేను చేసిన టెస్ట్ అసలు టెస్టే కాదు. అప్పట్నుంచి నేను ఇలాంటి మార్పు చేస్తే డేటాబేస్ వాడే ప్రతి మెషీన్ నుంచీ ఒక కొత్త కనెక్షన్ తెరిచి చూస్తాను, ముందు మూడు ఫైళ్ళూ తేదీ పెట్టి కాపీ తీస్తాను, మీరు రాసుకున్న కామెంట్లని నెట్ మేనేజర్ సేవ్ చేసేటప్పుడు అలాగే ఉంచుతుందన్న నమ్మకం కూడా పెట్టుకోకండి.

ఈ లిస్ట్‌కి తమ్ముడు లాంటిది ఇంకోటి ఉంది, రిజిస్ట్రేషన్ చెకింగ్. ఎవడు పడితే వాడు వచ్చి నాదీ విజయవాడ బస్సే అని కౌంటర్‌లో చెప్పేస్తే? జనం వాడి బస్సు ఎక్కేస్తారు కదా. నిజంగానే అలా చేయొచ్చని జోక్సియన్ కోరెట్ అనే రీసెర్చర్ 2012లో బయటపెట్టాడు, టీఎన్ఎస్ పాయిజన్ అంటారు దాన్ని. 12సీ నుంచి లిజనర్ డీఫాల్ట్‌గానే బయటి మెషీన్ల రిజిస్ట్రేషన్ ఒప్పుకోదు. ఇంకా 11జీ నడిపేవాళ్ళుంటే, ఉన్నారని నాకు తెలుసు, నవ్వకండి, వ్యాలిడ్ నోడ్ చెకింగ్ రిజిస్ట్రేషన్ అనే లైన్ మీ లిజనర్ ఫైల్లో ఉందో లేదో రేపు ఆఫీసుకి వెళ్ళగానే చూడండి, లేకపోతే మీ సీనియర్‌కి చెప్పండి.

ఏంటి బాబూ? పేరు చివర డాట్ వరల్డ్ అని ఎందుకొస్తోందా? ప్రొఫైల్‌లో డీఫాల్ట్ డొమైన్ అని పాతవాళ్ళు పెట్టి ఉంటారు. మీరు సేల్స్ అని అడిగితే అది సేల్స్ డాట్ వరల్డ్ అని వెతుకుతుంది, చీటీలో లేదు, 12154. అది తీసేసే ముందు ఎన్ని ఎంట్రీలు దాని మీద ఆధారపడ్డాయో చూసుకోండి. వంద మెషీన్లుంటే ఎలాగా? వంద చోట్లకీ నెట్ మేనేజర్ పట్టుకుని తిరగరు, షేర్డ్ ఫోల్డర్లో ఒకే చీటీ పెట్టి టీఎన్ఎస్ అడ్మిన్ అటు తిప్పుతారు, పెద్ద చోట్ల అయితే ఎల్‌డ్యాప్ డైరెక్టరీలో, అంటే అందరూ వచ్చి అడిగే ఒకే సర్వర్‌లో, పెడతారు. అది ఇంకో ఆదివారం.

ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్ళు తెరవండి. ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో ఒక సెషన్ తెరిచి ఉంచండి, నేమ్ ఇచ్చి, లిజనర్ ద్వారా, ఊరికే లోకల్‌గా కాదు. ఇంకో విండోలో లిజనర్ ఆపేయండి. మొదటి విండోలో సెలెక్ట్ కొట్టండి. కొత్త విండోలో కనెక్ట్ కొట్టండి. ఏ నంబర్ వస్తుందో ముందు కాగితం మీద రాసుకుని అప్పుడు ఎంటర్ నొక్కండి, నేను వచ్చి చూస్తా.